మూడో నంబరు ప్లగ్గు

శుక్రవారం రాత్రి పదకొండుకి
నాంపల్లి హాల్లో కుర్చీలు ఇంకా
ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చునే ఉన్నాయి.
మేం నలుగురం మోకాళ్ళ మీద,
తివాచీ అంచులెత్తి నీలం తీగలు దూరుస్తున్నాం.
కోఠీలో బేరమాడి తెచ్చిన మూడు వందల మీటర్లు.
"పెళ్ళా, సభా?" అన్నాడట దుకాణదారు.
రెండూ ఒకటే భయ్యా, అన్నాడట భూమేశ్,
అక్కడ కూర తక్కువైతే తిడతారు, ఇక్కడ నెట్ తక్కువైతే.

జీతం లేదు. మెడలో పసుప్పచ్చ తాడు,
తాడుకి అట్టముక్క,
హైమ అని ఉండాల్సిన చోట హేమ అని.

సభ దేని మీదంటే,
యంత్రాలకు తెలుగు నేర్పడం మీద.

పాస్‌వర్డ్ సకినాలు. నేనే పెట్టాను, సరదాకి.
కొట్టాల్సింది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో.
పొద్దున తొమ్మిదికి మా బల్ల ముందు బారు.
ఒకరు ఒక కే వేశారు, ఒకరు రెండు.
అంటే జంతికలేనా అమ్మా, అని కాకినాడ మాస్టారు.
జంతికలేంది సార్, అని
వెనక నిలబడ్డ కరీంనగర్ ఆయనకి నిజంగానే కోపమొచ్చింది.

పదింటికి ఐదు వందల ఎనభై ఫోన్లు
మా మూడు డబ్బాల కింద,
వానకి ఒకే చూరు కింద చేరిన జనంలా.
నౌషీన్ తెర మీద గీతని చూస్తూ గోళ్ళు కొరుకుతోంది.
గీత పడలేదు. చాయ్ తాగొస్తానంది. వెళ్ళమన్నాను.

పదకొండూ పది.
వేదిక మీద ఆవిడ యంత్రం చేత మాట్లాడించబోతూ
"ఇప్పుడు వినండి" అంది.
విన్నాం.
ఫ్యాను చప్పుడు.

అంతదాకా నేనెవరో ఎవరికీ తెలీదు.
హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

పరుగు. మెట్ల కింద గది.
స్విచ్ మీద చుక్కలన్నీ ఆరిపోయి ఉన్నాయి.
పక్కన టీ డ్రమ్ము మాత్రం గుడగుడమంటోంది,
మూడో నంబరు ప్లగ్గులో, హాయిగా.
లచ్చవ్వ మూత తుడుస్తోంది.

"తీయొద్దని రాసుందిగా ఇక్కడ!"
నా గొంతు నాకే కొత్తగా ఉంది.
నల్ల మార్కరు, పెద్దక్షరాలు, కింద రెండు గీతలు.
ఆమె కాగితాన్ని చూసింది, నన్ను చూసింది.
"రాసినవ్ బిడ్డా. ఎవలకు రాసినవ్?
తెలుగుల రాస్తే కూడబలుక్కొని సదువుతుంటి గదా.
ఆరో తరగతి దాక పోయిన."

పై అంతస్తులో యంత్రానికి ఒత్తులు నేర్పుతున్నారు.

స్విచ్ లేవడానికి నాలుగు నిమిషాలు.
ఆమె చేతిలో పెట్టిన కప్పు వద్దనలేకపోయాను. చక్కెర ఎక్కువ.
పచ్చ చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి.
"ఇవి మెరిస్తె ఏమైతది?"
పైన వాళ్ళు మాట్లాడుకుంటారు.
"లేకుంటె మాట్లాడరా?"

జోయెల్ పక్క గదిలోంచి ఇంకో తీగ లాక్కొచ్చి
డ్రమ్ముకి వేరే ప్లగ్గు ఇచ్చాడు.
నేను కొత్త కాగితం రాశాను:
ఈ ప్లగ్గు తీయకూడదు.
ఆమె వేలు పెట్టి చదివింది, కూ దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టి.
"తియ్యొద్దు అంటె సాలదా?"
కొట్టేసి, తియ్యొద్దు అని రాశాను.

ఆదివారం సాయంత్రం శాలువాలు.
మైకు వాళ్ళకి, వంట వాళ్ళకి, పూలు తెచ్చిన వాళ్ళకి.
నల్లా వస్తోందని ఎవరు మాత్రం దండం పెడతారు!
మేం అప్పటికే మళ్ళీ మోకాళ్ళ మీద ఉన్నాం.
మోచేతికి చుట్టకు రా, మెలిక పడితే తీగ మరిచిపోదు,
అని భూమేశ్ జోయెల్‌ని కసురుతున్నాడు.
మూడు వందలు లోపలికెళ్ళాయి. రెండు వందల ఎనభై బయటికొచ్చాయి.
మిగతావి ఏ తివాచీ కిందో.

మెట్ల కింద స్విచ్ విప్పి సంచిలో పెట్టాను.
కాగితం చింపబోతుంటే
"ఉండనియ్" అంది లచ్చవ్వ.
"రేపీడ పెండ్లి ఉన్నది. లైటింగోళ్ళు వస్తరు,
ఎవలనడగకుంట ప్లగ్గులు పీకుతరు."

డ్రమ్ము వైరు తెచ్చి
మూడో నంబర్లో గుచ్చి,
కాగితం మూల లేచిన చోట
బొటనవేలితో గట్టిగా అదిమింది.