గోనె గోడ

ముందు కూల్చింది ఫాల్స్ సీలింగు.
పీవోపీ పువ్వులు మూడు బస్తాలై
లిఫ్టులో కిందికి దిగిపోయాయి.
వాటి వెనక, పదహారేళ్లుగా ఎవరికీ కనపడకుండా,
శ్లాబు పొట్టమీద సెంట్రింగు చెక్కల నరాలు,
ఒకచోట మేకు తల, ఒకచోట కాకి ఈక అచ్చు.
"దీన్నిలాగే వదిలేద్దాం" అన్నాను.
పక్కఫ్లాటు రమణీశ్వరి గారు తొంగిచూసి
"డబ్బులు సరిపోలేదా?" అని మెల్లిగా అడిగారు.

సరిపోలేదు కూడా. అది వేరే సంగతి.

మయూరి జంక్షన్‌కి రెండు సందుల అవతల,
మూడో అంతస్తు, తూర్పుముఖం అని రాసిచ్చిన ఫ్లాటు.
తూర్పు ఉంది గానీ
దాని ముందు ఎదురింటివాళ్ల వాటర్ ట్యాంకు.
ఉదయం ఏడూ నలభైకి
ట్యాంకుకీ మెట్లగదికీ మధ్య జానెడు సందులోంచి
ఎండ పక్కకి తిరిగి దూరి మా హాల్లోకొస్తుంది.
ఎనిమిదిన్నరకి, కాఫీ వద్దన్న చుట్టంలా,
చెప్పకుండానే వెళ్లిపోతుంది.
ఆ యాభై నిమిషాల కోసం
వంటింటి గోడ సగం కొట్టించాను.

బంగారయ్య నీలం డ్రమ్ములో సున్నం నానేశాడు.
"మా అయ్య సేసీవోడమ్మా ఈ పని. నాను సూసినానంతే."
మొదటిరోజు తాపీ వణికింది.
కరక్కాయ నీళ్లు, బెల్లం.
చీమలొచ్చాయి, గోడ ఆరేదాకా ఉన్నాయి.
తడి బూడిదరంగు మెల్లగా పాలిపోయి
మీగడ దగ్గర ఆగింది.
అరచెయ్యి ఆనిస్తే, కుండలో చెయ్యి పెట్టినట్టు.

నేలకి టెక్కలి రాయి, పాలిష్ లేకుండా.
కూర్చుంటే నీలం, నిలబడితే నలుపు.

కిటికీలకి ఖద్దరు కోసం పొందూరు వెళ్లాను.
"కర్టెన్లకా?" కొట్టాయన మొహం ముడుచుకున్నాడు.
"కట్టుకునే బట్ట కదమ్మా."
"ఎండ కట్టుకుంటుంది లెండి" అన్నాను.
ఆయన నవ్వలేదు. గజంబద్ద తీసి కొలిచాడు.

అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది భానుజ బొమ్మ.
బొమ్మ అంటే బొమ్మేం లేదు.
ఏడడుగుల పొడుగున చిరిగిన గోనెలు,
కుట్లు, తుప్పు మరకలు,
సగం చెరిగిపోయిన స్టెన్సిల్ అంకెలు.
ముప్ఫై రెండు వేలు, రెండు వాయిదాల్లో.
మా చిన్నత్త చుట్టూ తిరిగి చూసి
"మరి బియ్యం ఏ గదిలో పోశావే?" అంది.

ఎండ పడే గోడకే తగిలించాలని నా పట్టు.
డ్రిల్లు పట్టుకుని సన్యాసప్పడు వచ్చాడు.
రెండు కన్నాలు, రెండు మేకులు, కర్టెన్ రాడ్లు.
పని అయిపోయాక కూడా వెళ్లలేదు.
గోనె ముందు నిలబడ్డాడు.
శూన్యం, స్మృతి, శ్రమ అంటూ
కేటలాగు మాటలు నాలుక చివర పేర్చుకున్నాను.

అతను నన్నేం అడగలేదు.
జేబులోంచి కళ్లజోడు తీసి, అంచు పట్టుకుని
రెండు వేళ్ల మధ్య నలిపాడు.
కొన్నప్పట్నుంచీ దాన్ని ముట్టుకున్న మొదటి మనిషి.

"ఇక్కడ పోగు తెగింది, సూడండి.
తెగితే ముడెయ్యాల. మూడో షిఫ్టులో
కళ్లు మూతలు పడిపోతాయి, మగ్గం మాత్రం ఆగదు.
ఇదిగో, ఈడు ముడేసినాడు. ఈడు మంచోడు."
పంతొమ్మిదేళ్లు జూట్ మిల్లులో చేశాడట.
గేటుకి తాళం పడ్డాక డ్రిల్లు కొన్నాడట.
ఆ మాట అంకె చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత కిటికీ వైపు చూశాడు.
"ఎండలో ఎట్టకమ్మా. గోగునార కదా,
పెళుసెక్కి పొడైపోద్ది.
నీడలో నేసిన సరుకు."

సున్నం పెట్టించి, గోడ పగలగొట్టించి,
పొందూరు దాకా తిరిగింది
దేనికోసమో అతనికెలా చెప్పను.
ఇద్దరం కలిసి దించి
బీరువా పక్క గోడకి మార్చాం.

ఇప్పుడు ఏడూ నలభైకి
ఖాళీ సున్నపు గోడమీద రెండు కన్నాలు
ఎండలో లోతుగా కనిపిస్తాయి.
పూడ్చేస్తానన్నాడు బంగారయ్య. ఆగమన్నాను.

ఆ రోజు దించేటప్పుడు కొంత పీచు రాలింది.
చీపురు తెస్తుంటే వద్దని
సన్యాసప్పడు నేలమీద కూర్చుని
తొడమీద అరచేత్తో నాలుగు తిప్పులు తిప్పాడు.
జానెడు తాడు. కర్టెన్ పక్కకి లాగి కట్టాడు.

కొనిపెట్టిన ఇత్తడి కొక్కెం
ఇంకా డబ్బాలోనే ఉంది.