నీటిమట్టానికి అంగుళం కింద

కొళత్తూరు చేపల వీధి, ఆదివారం.
కొక్కేలకు వేలాడే సంచుల్లో
గుక్కెడు గుక్కెడు నీళ్ళు,
ఒక్కో గుక్కలో ఒక్కో తోక.

నేను చేపల కోసం రాలేదు.
"పంపు కావాలండీ, రెండువేల లీటర్లది"
అట్టపెట్టె మీది అంకె చదివి అడిగాను.

కొట్టు తాయారమ్మ నవ్వింది.
మూడు తరాల కిందట సూళ్ళూరుపేట దాటొచ్చిన తెలుగు ఆమెది,
మాట చివర కాస్త అరవం సాగుతుంది.
"గంటకు రెండువేలని రాసుంటాది సార్.
ఎంత ఎత్తుకని రాశాడా?
మీ నీళ్ళు ఎంత ఎత్తు ఎక్కాల?"

కింద అరలో సంపు, పైన మూడడుగుల తొట్టి.
గాల్లో చేయి ఎత్తి చూపించాను.
నాలుగున్నర అడుగులు.
"అయితే సగం మరిచిపోండి. మలుపులెన్ని?"
మూడు.
"మలుపుకో అడుగు తీసేయండి.
నీళ్ళకీ మోకాళ్ళు నొస్తాయి."

లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటాను.
పెట్టె మీది అంకెకంటే
ఈ లెక్క తొందరగా ఎక్కింది.

మూడువేలది తీసుకున్నాను.
ఎక్కే గొట్టం ముక్కాలంగుళం,
దిగే గొట్టం ఒకటిన్నర.
ఎందుకంత తేడా అంటే,
"ఎక్కేదాన్ని మోటారు తోస్తాది.
దిగేది తనంతట తానే దిగాల, దారి పెద్దది వదలండి."

ప్లంబరు ఏళుమలై
చెవి మీద పెన్సిలు, చంకలో రంపం.
కనబడిన ప్రతి అతుకునీ జిగురుతో మూసేయాలంటాడు.
రేపు కడగాలంటే కొయ్యాలి కదయ్యా,
ఇక్కడో యూనియన్, అక్కడో యూనియన్ పెట్టమన్నాను.
కట్టేటప్పుడే విప్పే మాటేమిటని
నా వైపు అదోలా చూశాడు.
పెట్టాడు, పాపం.
ఇల్లంతా రెండురోజులు జిగురు వాసన.

పదకొండో రాత్రి కరెంటు పోయింది.
నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది.
ఆ తరవాత మంచం కింద తడి.

పైకి పంపిన గొట్టమే
వెనక్కి తిరిగి తొట్టిని తాగుతోంది.
సంపు నిండి, అర తలుపు దాటి,
నా చెప్పులు రెండూ గుమ్మంవైపు బయల్దేరాయి.
వెనక్కి రానివ్వదని నూటఎనభై పెట్టి కొన్న వాల్వులో
ఆవగింజంత నత్తపిల్ల
తలుపు మధ్య కాలు పెట్టినట్టు కూర్చుంది.

తలుపు చప్పుడు. కింది వాటా మరగదం గారు,
చేతిలో టార్చి.
ఆవిడ పడకగది సీలింగు నుంచి చుక్కలట.
నా అరవంలో నాలుగు క్షమాపణలు పోగుచేసుకుంటుంటే
వెనకనుంచి పెయింటు బకెట్టు తీసి ముందు పెట్టింది.
"చేపల నీళ్ళేనా? పారబోయకు.
లారీ వచ్చి మూడురోజులైంది. నా కరివేపాకుకు కావాలి."
చీకట్లో ఇద్దరం గుడ్డలు పిండాం.
తొట్టి అడుగున, మిగిలిన జానెడు నీళ్ళలో
ఏడు చేపలూ ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి.

"చిల్లు పెట్టండి" అంది తాయారమ్మ.
ఎక్కడ?
"నీళ్ళు పైకొచ్చే గొట్టానికే.
నీటిమట్టానికి అంగుళం కింద,
అగ్గిపుల్ల దూరేంత."

చుక్క కారకూడదని
టేపు చుట్టి, జిగురు పూసి, వేలితో తడిమి తడిమి చూసిన గొట్టం.
ఏళుమలై డ్రిల్లు పట్టుకుని కాసేపు ఆగాడు.
మూసిన చేత్తోనే పొడవాలా అన్నట్టు.

ఇప్పుడు కరెంటు పోతే
నీళ్ళు అంగుళం దిగుతాయి,
చిల్లు బయటపడి ఒక్కసారి గాలి మింగుతుంది,
గుటక.
అంతే, దిగడం ఆగిపోతుంది.
నిద్రలోనే అది విని
పక్కకు తిరిగి పడుకుంటాను.

వారానికోసారి అగ్గిపుల్లతో
ఆ చిల్లులో పేరిన నాచు తీస్తాను.
మరిచిపోయే మనిషినే, కానీ
శనివారం సాయంత్రానికల్లా
మెట్ల మలుపులో
ఖాళీ పెయింటు బకెట్టు ఒకటి వచ్చి కూర్చుంటుంది.