ఆరో గడి

మిల్లు నడిచిన రోజుల్లో బస్తాలు రాసేవాణ్ణి.
ఇప్పుడు అదే బల్ల మీద, అదే మూతపడని సొరుగు దగ్గర
మనుషుల రోజులు రాస్తున్నాను.
పేరు, ఊరు, వచ్చిన తేదీ, వెళ్ళే తేదీ,
భోజనాల లెక్క.
ఆరో గడి: ఏం చేశారు.
డబ్బు పంపే ఢిల్లీ వాళ్ళు ముందు చూసేది దాన్నే.

పర్లాకిమిడిలో ఈ కేంద్రం ఎందుకు పెట్టారో
మొదటి ఏడాది నాకు బోధపడలేదు.
వడ్లు ఉడకబెట్టే గదిలో మంచాలు,
ఆరబోసే గచ్చు మీద రెండు కుళాయిలు,
తూకం గదికి ఉత్తరం వైపు కొత్త కిటికీ.
అద్దె లేదు. అమ్మకం లేదు.
మూడు నెలలు తిండి పెట్టి, చేతిలో కొంత పెట్టి
"మీ పని మీది" అంటారు నిరుపమ మేడం,
అని తలుపు చేరవేసి వెళ్ళిపోతారు.

పోయిన కార్తీకంలో దండాసి మహారణా వచ్చాడు.
కొమ్ము పని. ఇల్లు నాలుగు వీధుల అవతల.
నడిచి వచ్చినవాడికి ప్రయాణ ఖర్చు ఏం రాయను?
సున్నా చుట్టాను.
నలభై రెండేళ్ళు రొయ్యలు చేశాడు,
భువనేశ్వర్ షోరూముకి, డజన్ల లెక్కన.
మీసం ఎంత పొడుగుండాలో వాళ్ళే చెప్పేవారు.
కల్లోకి వచ్చినా డజనే వస్తాయి బాబూ, అన్నాడు,
సగం ఒడియాలో, సగం మన మాటలో.

మొదటి పదకొండు రోజులు నిద్రపోయాడు.
పప్పుచారు చల్లారిపోయేది.
"తిని తొంగోడానికి మా ఇంట్లో ఒకడున్నాడు,
ఇక్కడ కూడానా?" అని గవరమ్మ గిన్నెలు గట్టిగా పెట్టేది.
నేను గడి ఖాళీగా ఉంచాను.

పన్నెండో రోజు నా బల్ల దగ్గరికొచ్చి
"ఎవలూ అడగనప్పుడు ఏటి సెయ్యాల?" అన్నాడు.
లెక్కలవాణ్ణి, నాకేం తెలుసు.
పుట్టాసింగి కొండ నుంచి వచ్చిన సుంబారి
అప్పుడే గోడకి సున్నం కొడుతోంది.
తొమ్మిది రోజులు తను వేసిన బొమ్మని తనే మూసేస్తోంది.
అయ్యో, అన్నాను.
"నేను చూసుకున్నాను కదా," అంది.
అతను ఆ తడి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
పాతపట్నం వైపు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి,
రాష్ట్రం మారితే చీకటి వేళ కూడా మారుతుంది.
గచ్చు మీంచి వెంట్రుకలు కాలిన వాసన.
కుంపటి సెగకి కొమ్ముని తిప్పుతున్నాడు.
ఎప్పుడూ మెత్తబడగానే చెక్కల మధ్య బిగించి వంకర తీసేవాడట.
ఈసారి తియ్యలేదు.
అది ఎటు పోతే అటు పోనిచ్చాడు.

ఆ తర్వాత ఆకురాయి చప్పుడు,
బర్రెంక ఆకుతో రుద్దే చప్పుడు,
గుణుపురం ప్యాసింజరు కూత,
మళ్ళీ ఆకురాయి.
ఒకటి విరిచేశాడు.
ఒకటి మహేంద్రతనయలో పారేసి వచ్చాడు.
ఎందుకని అడగకూడదు, అది ఇక్కడి ఉద్యోగంలో మొదటి షరతు.
నోరు కట్టేసుకోవడం బస్తాలు మొయ్యడం కన్నా బరువు.

చివరికి మిగిలింది అరచేతిలో పట్టే ముక్క.
పిట్ట అనుకుంటే పిట్ట, చెవి అనుకుంటే చెవి.
ఒక్క చోట నునుపు చెయ్యకుండా వదిలేశాడు,
ఎవరింటి గేదో కట్టుకొయ్యకి రాసుకున్న గరుకు.
అక్కడ వేలు పెట్టి చూడమన్నాడు.
పెట్టాను.
మధ్యాహ్నం దాకా ఆ వేలితో కలం పట్టుకోబుద్ధి కాలేదు.

రిజిస్టరులో ఇలా రాశాను:
నిద్ర, పదకొండు రోజులు. కొమ్ములు, మూడు.
మిగిలింది, ఒకటి.
ఢిల్లీ నుంచి ఉత్తరం వస్తుంది, రానీ.

ఇంటికెళ్ళిన వారానికే షోరూము కబురు, ఆరు డజన్లు.
ఒప్పుకున్నాడు, మనవడి ఫీజు ఉంది.
మీసాలు మాత్రం తన కొలతకే పెడతాడట.
తిప్పి పంపుతారేమో.

రేపు బరంపురం నుంచి ఒకామె వస్తోంది.
ఏం చేస్తుందో కాగితంలో రాయలేదు.
కిటికీ పక్క మంచానికి నవారు బిగించాలి.