డెబ్బై నాలుగో గింజ

సంచి మీద అచ్చు: మొలక శాతం ఎనభై.
వనపర్తి దుకాణపాయన నోట కూడా ఎనభయ్యే.
మన్నెమ్మ చిన్నమ్మ ఆ అంకెను
వాకిట్లకొచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది.
మర్యాద చేసింది గని
నమ్మలే.

"నూరు గింజలు తియ్యి" అన్నది.
నేను పైపైనయి ఏరుతుంటే చెయ్యి పట్టుకున్నది.
"ఒక్క మెతుకు పట్టి సూస్తే సాలంటరు,
అది కలియబెట్టిన కుండకు, పిల్లా."
మోచేతి దాక పల్లిగింజల్లకు చెయ్యి పోనిచ్చి
అడుగు నుంచి, మూలల నుంచి, సూడకుండ తీసింది.
మా సారు మూడు క్లాసులు చెప్పిన యాదృచ్ఛికం
అర నిమిషంల అయిపోయింది.

తడి గోనెపట్ట మీద పది వరుసలు, వరుసకు పది.
చుట్టి, దారం కట్టి, గాబు పక్కన నీడకు పెట్టినం.
నా నోట్‌బుక్‌ల శూన్య పరికల్పన:
అనుపాతం సున్నా దశాంశం ఎనిమిది.
"అంటే?"
"దుకాణపాయన నిజమే చెప్పిండని
ముందుగాల ఒప్పుకోని మొదలువెట్టాలె."
చిన్నమ్మ నవ్వింది.
"మనకు అప్పిచ్చేటోడు
గిట్ల మొదలువెట్టిండా ఎన్నడన్న?"

ఎనిమిదో పొద్దు పట్ట విప్పినం.
తెల్లటి వేళ్లు, కొక్కేల లెక్క వంగి.
కొన్ని బూజు. కొన్ని ఏలు పెడితే చితికినయి.
ఎంచినం, డెబ్బై మూడు.
మళ్ల ఎంచినం. డెబ్బై మూడు,
ఇంకొకటి.

ఆ ఇంకొకటికి పొట్టు చిట్లింది.
లోపల తెల్లగ ఏదో.
మొలకనా, పగులా?

ప్రమాణ దోషం నూటికి నాలుగు.
డెబ్బై మూడైతే గీత దాటి కిందవడ్తది,
ఎనభై అబద్ధమని రాయొచ్చు.
డెబ్బై నాలుగైతే ఈవలనే ఆగుతది.
"ఆగితే మంచి ఇత్తనమన్నట్టా?"
"కాదు. చెడ్డదననీకి సాక్ష్యం సాలలేదన్నట్టు."
"గీత ఎవరు గీసిండ్రు?"
"నూటికి ఐదు తప్పులు ఓర్చుకోవచ్చని పుస్తకంల…"
"ఎవరి తప్పులు?"

చెప్పిన.
మంచోణ్ణి దొంగ అనుడు ఒక తప్పు,
పుచ్చు గింజను మంచిదని భూమిల పెట్టుడు ఇంకో తప్పు.
ఐదు అనే కంచె మొదటిదాని చుట్టే.
రెండోదాన్ని బీటా అంటరు,
దాన్ని నేను లెక్క కట్టనే లేదు.

కౌలు మూడెకరాల దిక్కు చూసుకుంట అన్నది:
"మొదటిది చేస్తే ఆయనతోని ఒక పూట లొల్లి.
రెండోది చేస్తే నాకు ఒక యాసంగి.
రెంటికీ ఒకటే గీతనా?"

ఆ ప్రశ్న మా సెమిస్టర్ పేపర్ల రాలే.

దుక్కిల పదును ఆరుతున్నది.
గోనెపట్ట సంకన పెట్టుకోని బస్సెక్కింది, ఎనక నేను.
దుకాణపాయన కండ్లద్దాలు తుడుసుకోని
చిట్లిన గింజ మీదనే ఏలు పెట్టిండు:
"ఇది మొలిసింది గదమ్మా."
"సరే, మొలిసిందే. మిగిలిన ఆరు ఏవి?"
ఆరు ఊరికెనే తప్పొచ్చని
నాకు తెలుసు. నోరు తెరవలే.
ఆయన సంచులు మార్వలే గని
నాలుగు కిలోలు ఎక్కువ జోకిండు.

ఆ ఒక్క గింజను గాబు పక్క మట్టిల పెట్టిన.
మూడో దినం తవ్వి చూస్తే
కుళ్లి ఉన్నది.
నోట్‌బుక్‌ల ఇంక డెబ్బై నాలుగే.
ఏడు దినాల పరీక్ష ఏడు దినాలదేనని
నియమం రాసింది నేనే.
పెన్ను మూత తీసి కూసున్న.
చెలకల చిన్నమ్మ సాలుకు గింజలు
దగ్గర దగ్గర ఏస్తున్నది.