కొట్టేసిన మాటలు

గుంటూరు కలెక్టరాఫీసు గోడ పక్కన
పదిహేడేళ్లుగా నా కుర్చీ.
ఒక అట్ట, నాలుగు పెన్నులు, కార్బన్ కాగితాలు.
సోమవారం సోమవారం
జిల్లా కన్నీళ్లన్నీ నా దగ్గర గ్రాంథికం నేర్చుకుని
లోపలికి వెళ్తాయి.

పేజీకి నలభై రూపాయలు.
"మహారాజశ్రీ" ఉచితం.

ఆ రోజు రెండు ఆటోల్లో ఊరు దిగింది.
ఊరంటే ఊరు కాదు, ఊరి చివర.
ముందు నడిచినావిడ కాళ్ల మీద
బురద ఎండి తెల్లబడి ఉంది.
పేరడిగాను.
"దీనమ్మ. మా అయ్య బైబిల్లోంచి తీసి పెట్టాడు.
కాయితంలో మాత్రం దీనంగా రాయమాకు."

సంగతి చెప్పింది.
శ్మశానం బాట మీద కొత్తగా మిరపచేను మొలిచింది,
చుట్టూ ముళ్లకంచె.
పోయిన తుఫానుకి పెద్ద యోనాను వాగులోంచి మోశారు,
మెడలోతు నీళ్లలో.
ఆ రోజు తడవనిది పెట్టె ఒక్కటే.

అలవాటుగా రాసి వినిపించాను:
"తమరి పాదపద్మములకు నమస్కరించి,
నిరుపేదలము, నిరక్షరాస్యులము, తమ దయాదృష్టిని..."

ఆవిడకు చదువు రాదు.
చెవి ఉంది.
"పాదాలు తీసెయ్" అంది.
తీసేశాను.
"దయ తీసెయ్."
"అమ్మా, అర్జీకొక పద్ధతుంటుంది, ప్రార్థన లేకపోతే..."
"అడుక్కుంటే అన్నం పెడతారయ్యా, దారి పెట్టరు.
ఆ బాట సర్వే కాయితంలో ఉంది.
ఉన్నదాన్ని ఉందని రాయి."

"నిరుపేదలము" దగ్గర కాస్త ఆగింది.
వెనక్కి తిరిగి "ఉంచుదామా?" అని అడిగింది.
"నిజమే గదా" అన్నాడొక ముసలాయన.
"నిజమే మావా. కానీ దానికీ దీనికీ సంబంధం లేదు.
డబ్బున్నా మనల్ని వాగులోంచే పొమ్మంటారు."
అదీ కొట్టేశాను.

కుర్రాడొకడు పిడికిలెత్తబోయాడు.
"గొంతు దాచుకో నాయనా, లోపల నీ వంతుంది.
నీళ్లు నీకు ఎందాకా వచ్చినయ్యో చేత్తో చూపించు, చాలు.
సంపూర్ణా, కంచె ఎప్పుడేశారో నువ్వు చెప్పు, తేదీతో.
ఏడుపొచ్చేవాళ్లు ఇక్కడే ఏడ్చేసి రండి."
ఇద్దరు నిజంగానే ఏడ్చారు,
నా కుర్చీ వెనక, గోడకేసి తిరిగి.

కార్బన్ కాపీ ఇచ్చే సాకుతో నేనూ లోపలికెళ్లాను.
టోకెన్ నూటపద్దెనిమిది.
తలెత్తకుండా అడిగాడు ఆఫీసరు: "ఎంత దూరం?"
"బతికున్నోళ్లకి రెండు ఫర్లాంగులు సార్.
కాయ కోతకి పిలిచినప్పుడు కంచెలో దారిస్తారు.
సచ్చిపోయినోళ్లకి మూడు మైళ్లు."
పెన్ను ఆగింది.
ఫ్యాను తిరగడం వినిపించింది.
కుర్రాడు చెయ్యి మెడ దగ్గర పెట్టుకుని
అలాగే నిలబడ్డాడు. దించమని ఎవరూ అనలేదు.

బయటికొచ్చాక
"సగం పేజీనే గదా" అని
ఇరవై చేతిలో పెట్టింది.

సర్వేయరు వచ్చాడట, గొలుసు వేశాడట.
రెండు రాళ్లు పాతాడట, మూడోది పాతలేదట.
మళ్లీ వానలకి ఇంకా నెలుంది.

ఆ కొట్టివేతల కాగితం అట్ట కింద దాచుకున్నాను.
నిన్న పింఛను కోసం ఒకాయన వచ్చాడు.
"మహా" దాకా రాసి పెన్ను ఎత్తి
"మీకు రావాల్సిందేంటి?" అని అడిగాను.
ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు.
పదిహేడేళ్లలో ఆ మాట
నేనెవరినీ అడగలేదు.