వలకొక పాలు

ఫారం మరాఠీలో ఉంది.
ఊరు తెలుగులో ఉంది.
మధ్యలో నేను, ఐసు పెట్టె మీద కూర్చుని
చదివి చెబుతూ చెబుతూ
పదకొండో పేరా దగ్గర ఆగిపోయాను.

"నమూనా నుంచి వచ్చే సమాచారాన్ని
ఇతర పరిశోధకులతో పంచుకోవచ్చు."

అంకీసాలో పంచుకోవడమంటే తెలియనివాళ్లు లేరు.
తెల్లారి రేవులో చేపల్ని కుప్పలు పోస్తారు.
పడవకొక పాలు, వలకొక పాలు,
తెడ్డేసిన చేతికొకటి,
జ్వరమొచ్చి రానివాడి ఇంటికి సగం.
ఆ కుప్పల ముందు నలభై ఏళ్లు కూర్చున్న మనిషి పోసుబాయి.
చూపుతోనే తూకమేస్తుంది.

"ఎందరికి పంచుతరు బిడ్డా?"
అడిగినవాళ్లందరికీ, కమిటీ ఒప్పుకుంటే.
"మరి తరుగదా?"
తరగదు పెద్దమ్మా, ఎందరికిచ్చినా అంతే ఉంటది.
ఆమె నవ్వింది.
"తరగనిదాన్ని పంచుడనరు.
అది చాటుడు."

ఆ మాట ఫారం అంచున పెన్సిలుతో రాసుకున్నాను.
దానికి గడి లేదు.

సంబంధం అన్న మాట ఇంకా కష్టపెట్టింది.
మూడువందల కోట్ల అక్షరాల్లో ఒకే ఒక్క చోట
కొందరికి సి, కొందరికి టి.
షుగరున్నవాళ్లలో ఆ టి కాస్త ఎక్కువగా కనబడితే
రెంటికీ సంబంధముందంటారు.
"ఎవరు కుదిర్చిండ్రు?"
లెక్క కుదిర్చింది.
"లగ్గమైందా?"
కాలేదు. చాలాసార్లు కాదు కూడా.
ఇద్దరూ ఒక వాడలో కనబడ్డారంతే,
అసలు పని పక్కింటివాడిది కావచ్చు.
అందుకే ఒక ఊరు చాలదు.
పుకారేదో నిజమేదో తేలాలంటే
లక్ష గుమ్మాల్లో అడగాలి.

"ఆ లచ్చల మేం లేకుంటేంది?"

లేకుంటే, ఎక్కడో చలిదేశపు ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా
నీ మనవడికి తొడుగుతారు అన్నాను.
ట్రైనింగులో నేర్పిన జవాబు. అబద్ధమేం కాదు.
నా నోట్లోంచి వస్తుంటే మాత్రం
బేరగాడి మాటలా వినిపించింది.

పేరు తీసేస్తారని కూడా చెప్పాను, ధైర్యానికి.
ఆమెకది ధైర్యంగా తోచలేదు.
"పేరు తీస్తే, ఏమన్న దొరికిననాడు
నన్నెట్ల పిలుస్తరు?"

పిలవరు.

గోటి కింద ఇరుక్కున్న పొలుసును చాలాసేపు తీసుకుంది.
తర్వాత ఎడమ చెయ్యి చాపింది.
"కుడిది వద్దు. రాత్రికి వల అల్లాలె."

సీసాకొకటి, ఫారానికొకటి, రిజిస్టరుకొకటి.
నాలుగో స్టిక్కరు మిగిలింది.
నాలుగువందల పదిహేడు అనే అంకె, కింద నల్లగీతలు.
చించి పారెయ్యాలి, నియమం అది.
ఆమె అడిగింది, నేనిచ్చాను.
తక్కెడ దండెకు అంటించుకుంది.
ప్రపంచంలో ఆ అంకెనూ ఆ మనిషినీ
కలిపి చూపించే తాళంచెవి
ఇంత బాహాటంగా సంతలో ఊగుతుందని
కమిటీకి నేను చెప్పలేదు.

ఐదేళ్లకు ఫలితం వచ్చింది.
నాకెవరూ పంపలేదు. రక్తం మోసినవాళ్లు
పరిశోధకుల జాబితాలోకి రారు.
దవాఖానాలో కొత్త డాక్టరమ్మ ఫోనులో చూపించింది.
పెద్ద పట్టిక, వరుసకొక అక్షరం.
పదో వరుసలో ఒకటి దశాంశం సున్నా ఆరు.
రూపాయి మీద ఆరు పైసల కొసరు, అంతే.
ఆ ఆరు పైసల్లో పోసుబాయి పాలెంతో వెతికాను.
ఏడో స్థానంలోనో ఎనిమిదో స్థానంలోనో ఉండాలి,
చదవడానికి సులువని వాళ్లు కొట్టేసిన చోట.

సిరొంచ సంతలో ఇప్పుడు ఆమె కోడలు కూర్చుంటుంది.
తక్కెడ అదే.
స్టిక్కరు మీద అంకెలు పోయాయి, గీతలు సగం ఉన్నాయి,
మీద పొలుసొకటి ఎండి అతుక్కుంది.
అరకిలో జెల్లలు తూచి, ముల్లు మధ్యకొచ్చి నిలిచాక
అడక్కుండానే ఇంకో చిన్నది వేసింది.

ముల్లు కొద్దిగా
నా వైపు ఒరిగింది.