కుడికాలు

ఎచ్చెర్ల స్టేషను వెనక, జిల్లేళ్ల మధ్య
మా కారు ఇంకా అలాగే ఉంది.
సంతకానికి పిలిస్తే వెళ్లాను.
ముందద్దం లేని చోటు నుంచి
వాన వచ్చి, ఎండి, మళ్లీ వచ్చినట్టుంది.
ఆ రోజు లావేరులో కొన్న పనసపండు
పగిలి చిమ్మిన గింజలు
బ్రేకు కింద పట్టా మీద
రెండు మొలకెత్తాయి.

రైటరు ఒక కవరు చేతికిచ్చాడు.
ఎడమ చెప్పు, పెట్రోలు రసీదు,
పైడినాయుడి కళ్లజోడు కాడ.
"సరిచూసుకోండి మేడం."
ఏం సరిచూసుకోను?

పైడినాయుడు కర్ర పట్టుకుని
వీధి చివరి కిళ్లీకొట్టు దాకా నడుస్తున్నాడిప్పుడు.
స్టీరింగు పట్టింది నేను.
ఒక్క మాట అనలేదు ఇంతవరకూ.
అంటే బాగుణ్ణు.

మొన్న తల దువ్వుకుంటుంటే
దువ్వెన పళ్లలోంచి టిక్కుమని
గచ్చు మీద పడిందొక గాజు పలుకు.
రెండు నెలలు ఎక్కడ దాక్కుందో!
పారెయ్యడానికి చెయ్యి రాలేదు.
పోపులపెట్టెలో, ఆవాల పక్కన ఉంది.

తిరుగు ఆటోలో
కుశాలపురం దగ్గర లారీ పక్కకొచ్చింది.
నా కుడికాలు ఆటో రేకును తొక్కింది,
ఇంకా గట్టిగా తొక్కింది.
అద్దంలోంచి చూశాడా గుంటడు.
"బెంగెట్టుకోకమ్మా,
బ్రేకు నాకాడుంది."

నవ్వొచ్చింది.
ఆ నవ్వు ఎక్కడ తిరగబడిందో తెలీదు,
ఊళ్లోకొచ్చేదాకా వెక్కుతూనే ఉన్నాను.
అతను పాట కట్టేశాడు,
ఏటీ అడగలేదు.

దిగి చిల్లర కోసం కవరు తెరిస్తే
చెప్పులో పనసమొలక.
నేనే పెట్టుకున్నట్టున్నాను.
వేరుకి ఇంకా
కారు పట్టా పీచు.